ఆక్సిజన్ సెన్సార్ పట్టేసింది: వేడి మీద విప్పాలా, చల్లారాక విప్పాలా?

తుప్పుతో_పోరు
చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కాన్ చేశాను, పీ0135 వచ్చింది, అంటే పొగ గొట్టంలో, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందుండే సెన్సార్‌లో హీటర్ సర్క్యూట్ లోపం. ఫ్యూజు, వైరింగ్ బాగానే ఉన్నాయి. కొత్త సెన్సార్ తెచ్చి పెట్టుకున్నాను కానీ పాతది ఇంచు కూడా కదలట్లేదు. వైరు పట్టేందుకు పక్కన గాటు ఉంటుందే, ఆ సాకెట్ పెట్టి గట్టిగా లాగితే సాకెట్టే నోరు తెరిచేసింది, సెన్సార్ మూలలు కూడా కాస్త అరిగాయి. ఒకరేమో ఇంజన్ నడిపి వేడి మీద విప్పమంటారు, ఇంకొకరు అలా చేస్తే త్రెడ్ మొత్తం ఊడి చేతికొస్తుందంటారు. ఎవరి మాట వినాలి?

పాత_స్పానర్
వేడి మీదే, ఇందులో చర్చేముంది? ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. ఇంజన్‌ని బాగా కాగనిచ్చి, మందపాటి గ్లవ్స్ వేసుకుని ఒక్క ఊపు ఊపు. పట్టేసిన సెన్సార్లు నేను చాలానే విప్పాను, చల్లగా ఉన్నప్పుడు ఒక్కటీ రాలేదు.

నిదానం_ప్రధానం
అన్నా, ఇంజన్ నడిపితే పైపు ఒక్కటే వేడెక్కదు కదా, అందులో దిగిన సెన్సార్ కూడా అంతే వేడెక్కుతుంది. రెండూ ఉక్కే, రెండూ దాదాపు సమానంగా సాగుతాయి. ఇక వదులయ్యేదెక్కడ? పైగా బాగా కాగిన లోహం మెత్తబడి, త్రెడ్లు ఒకదాన్నొకటి కరుచుకుని చీరుకుపోతాయి. సెన్సార్ పోతే కొత్తది ఉంది, పైపులో త్రెడ్ పోతే ఏం చేస్తారు? మానిఫోల్డ్ (ఇంజన్‌కి తగిలించిన పొగ గొట్టాల ముక్క) విప్పి వెల్డింగ్‌కి పరిగెత్తాలి. నా పద్ధతి: చల్లగా ఉన్నప్పుడు తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయడం, పొద్దున మళ్ళీ కొట్టడం.

పాత_స్పానర్
నీ లెక్క కాగితం మీద బాగుంది తమ్ముడూ. మరి జనరల్ మోటార్స్ సర్వీస్ మాన్యువళ్ళలో ఇంజన్ 48 డిగ్రీల కంటే చల్లగా ఉంటే సెన్సార్ తీయడం కష్టమని ఎందుకు రాశారు?

నిదానం_ప్రధానం
48 డిగ్రీలంటే స్నానానికి పెట్టుకున్న నీళ్ళ కంటే కాస్త ఎక్కువ వేడి, అంతే! నువ్వు చెప్పే "బాగా కాగనిచ్చి"కీ దానికీ పోలికేంటి? ఆ మాన్యువల్లోనే, ఎక్కువ బలం పెడితే మానిఫోల్డ్ త్రెడ్లు పాడవుతాయని కూడా ఉంది. ఆ వాక్యం వదిలేశావు.

నల్లచేతులు
మీరిద్దరూ పోట్లాడుకోండి గానీ అసలు తప్పు సాకెట్‌ది. గాటున్న సాకెట్ కొత్త సెన్సార్ బిగించడానికి పనికొస్తుంది, పట్టేసినదాని మీద కాదు. కొత్తది చేతిలో ఉంది కాబట్టి పాతదాని వైరు కత్తిరించెయ్ బ్రదర్, ఆరు మూలల 22 మి.మీ. డీప్ సాకెట్ సరిగ్గా కూర్చుంటుంది. పన్నెండు మూలలది వద్దు, అరిగిన మూలల మీద జారుతుంది.

వేడి కావాలంటే గ్యాస్ మంట టార్చ్‌తో, పైపు మీద వెల్డ్ చేసిన, సెన్సార్ దిగే నట్టుకి మాత్రమే పెట్టాలి, అప్పుడు అది సాగుతుంది, లోపలిది అంతగా సాగదు. ఇంజన్ వేడికీ టార్చ్ వేడికీ తేడా అదే. నూనె కొట్టిన చోట మాత్రం మంట పెట్టకు, భగ్గుమంటుంది. పెట్రోల్ పైపు, వైర్లు దగ్గరుంటే టార్చ్ మాటే ఎత్తకు.

తుప్పుతో_పోరు
వైరు కోశాక కూడా రాకపోతే? బండి మెకానిక్ దాకా అయినా వెళ్ళాలి కదా, అదే నా టెన్షన్.

నల్లచేతులు
వెళ్తుంది. సెన్సార్ సిగ్నల్ లేకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న లెక్కలతోనే పెట్రోల్ పోస్తుంది, కాస్త ఎక్కువ తాగుతుంది, లైటు వెలుగుతూ ఉంటుంది. అదెలాగూ వెలుగుతూనే ఉందిగా.

తుప్పుతో_పోరు
వచ్చేసింది! టార్చ్ జోలికి పోలేదు, పక్కనే వైర్ల కట్ట ఉంది. రాత్రి రెండుసార్లు నూనె కొట్టాను, పొద్దున వైరు కోసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపాను, పొగ వచ్చింది, భయపడ్డాను, నూనె కాలిన పొగే. చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా తగిలే దాకా ఆగి, మొదట విప్పకుండా బిగించే వైపు రవ్వంత నొక్కాను. "టక్" అంది. తర్వాత పావు చుట్టు విప్పడం, అరపావు వెనక్కి బిగించడం, మళ్ళీ నూనె. ప్రతి చుట్టుకీ కీచుమంటూ ఏడ్చింది, మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. సెన్సార్ చివరి రెండు చుట్లలో వెండి పోగుల్లా లోహం చుట్టుకుని ఉంది, అంటే పైపు త్రెడ్ కొంచెం పోయినట్టే.

నిదానం_ప్రధానం
కొత్తది అలాగే బిగించకు. ఎం18, 1.5 పిచ్ ట్యాప్ (త్రెడ్ మళ్ళీ కోసే పనిముట్టు) తెచ్చి, దాని గాడుల్లో గ్రీజు పూసి నడుపు, పొడి పైపులో పడకుండా గ్రీజుకి అంటుకుంటుంది. కొత్త సెన్సార్ త్రెడ్ మీద పేస్టు కంపెనీవాళ్ళే పూసి ఉంటే ఇంకేమీ పూయకు, లేకపోతే సెన్సార్లకని అమ్మే యాంటీ సీజ్ (త్రెడ్ పట్టేయకుండా పూసే పేస్టు) కొంచెం. సెన్సార్ ముక్కు మీద మాత్రం ఏదీ అంటకూడదు. టార్క్, అంటే ఎంత గట్టిగా బిగించాలో, దాని కాగితంలో ఉంటుంది, సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య.

పాత_స్పానర్
ఇంజన్ నడిపాకే వచ్చిందని అందరూ గమనించగలరు.

నిదానం_ప్రధానం
రాత్రంతా నూనెలో నానాకే వచ్చిందని కూడా.