సార్బిటాల్, పెరాక్సైడ్: గుండె కండర కణాల్లో రెండింటి దారీ ఒకటేనా?

ప్రశ్న: అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గుండె కండర కణాలను పెంచి, కొన్ని పాత్రల్లో 200 మిల్లీమోలార్ గాఢతలో సార్బిటాల్ (చక్కెర వంటి పదార్థం), మరికొన్నింటిలో ఆక్సీకరణ కలిగించే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతున్నాను. రెండింటిలోనూ పి38, జెఎన్‌కె కైనేజులు (ఒత్తిడికి స్పందించి కణంలో సంకేతాలు పంపే ఎంజైములు) చురుకవుతున్నాయి. ద్రవాభిసరణ ఒత్తిడి (కణంలోంచి నీరు బయటికి లాగబడడం వల్ల కలిగేది), ఆక్సీకరణ ఒత్తిడి ఒకే మార్గాన్ని నడుపుతున్నాయని రాయవచ్చా? సార్బిటాల్ బదులు దానిలాంటిదే అయిన మానిటాల్ వాడితే ఆక్సీకరణ సంకేతం తగ్గుతున్నది. పైగా పెరాక్సైడ్ ప్రభావం ఒక్కో వారం ఒక్కో తీరుగా ఉంటున్నది.

మొదటి జవాబు: రాయకూడదనే నా అభిప్రాయం. పి38 అనేక దారులు కలిసే కూడలి కనుక, అది చురుకైందన్నంత మాత్రాన సంకేతం ఎటునుంచి వచ్చిందో తెలియదు. సార్బిటాల్ కణంలోకి చొరబడదు కాబట్టి నీరు బయటికి పోయి కణం ముడుచుకుంటుంది. పాత పరిమాణాన్ని తిరిగి పొందడానికి సోడియం-హైడ్రోజన్ మారక ప్రోటీను వంటివి సోడియాన్ని లోపలికి తెస్తాయి, ఆ సోడియం పెరిగేకొద్దీ కాల్షియం కూడా పేరుకుంటుంది. పెరాక్సైడ్ అలా కాక నేరుగా పొర దాటి వచ్చి ప్రోటీన్లలోని సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను ఆక్సీకరిస్తుంది. కాల్షియంపై ఆధారపడే క్యామ్‌కైనేజ్-2 అనే ఎంజైము ఈ విధంగా ఆక్సీకరణ చెందితే, కాల్షియం తగ్గిన తరువాత కూడా చురుకుగానే ఉండిపోతుంది. అంటే రెండు ఒత్తిళ్లూ కాల్షియం దగ్గర కలుస్తాయి, మొదలు మాత్రం వేరు. సార్బిటాల్ పాత్రలో ముందే ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే ఆక్సీకరణ నిరోధకం కలిపి చూడండి: పి38 చురుకుదనం తగ్గితే ఆక్సీకరణకు అందులో పాత్ర ఉండే అవకాశముంది. అంతే గాఢతలో యూరియాను కూడా పోల్చి చూడండి. అది పొర దాటి లోపలికి వెళుతుంది గనుక కణం ఎక్కువసేపు ముడుచుకుని ఉండదు; ముడుచుకోవడం వల్ల వచ్చే ప్రభావమేదో అలా పోల్చి తెలుసుకోవచ్చు.

రెండవ జవాబు: మానిటాల్‌ను ద్రవాభిసరణకు మాత్రమే పనికివచ్చే జడపదార్థంగా చూడడం పాత పొరపాటు, అది ఆక్సీకరణ కలిగించే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టివేస్తుంది. మానిటాల్‌తో మీ ఆక్సీకరణ సంకేతం తగ్గడానికి అదే కారణం కావచ్చు. మీ పెరాక్సైడ్ సమస్యకు మీడియంలోని (కణాలను పెంచే పోషక ద్రవంలోని) పైరువేట్ అనే పదార్థం కారణం కావచ్చు. అది ఏ ఎంజైము సాయమూ లేకుండానే పెరాక్సైడ్‌తో చర్య జరిపి ఎసిటేట్‌గా మారుతుంది. కణాల సాంద్రత పెరిగినా పెరాక్సైడ్ త్వరగా ఖర్చయిపోతుంది.

ప్రశ్న వేసినవారు: మీడియం సీసాలు చూశాను. ఒకదానిలో 1 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ ఉన్నది, మరొకదానిలో లేదు. రెండింటినీ ఒకటే అనుకుని మార్చి మార్చి వాడాను. ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టవలసిందే.

రెండవ జవాబు ఇచ్చినవారు: పైరువేట్ లేని మీడియంలోనే తిరిగి చేయండి. పెరాక్సైడ్‌ను ఒక్కసారిగా పోయకుండా, గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైముతో నిదానంగా పుట్టేలా చేస్తే మోతాదు కొంత నిలకడగా ఉంటుంది.