మాట్లాడటం మానేసి చూస్తే ప్రేమో కాదో తేలుతుందా?

మోడరేటర్
పేరు బయటపెట్టొద్దన్న ఒక సభ్యురాలి ప్రశ్న. ఆఫీసులో పక్క సీటు అబ్బాయితో మంచి స్నేహం. టీకి, లంచ్‌కి, మెట్రోలో ఇంటికి, అన్నిటికీ అతనే తోడు. వచ్చే నెలాఖరుకి బదిలీ మీద పుణె వెళ్ళిపోతున్నాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి ఈ అమ్మాయికి మనసు మనసులో లేదు. ఇది అలవాటు తప్పుతోందన్న బెంగా, ప్రేమా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు కాబట్టి అతను వెళ్ళేలోపే తేల్చుకోవాలట. కొన్నాళ్ళు మాట్లాడటం మానేసి చూడమని స్నేహితురాళ్ళ సలహా. అది పనిచేస్తుందా? సొంత కథలు వద్దు, పద్ధతి చెప్పండి.

నిదానం
పనిచేస్తుంది, సరిగ్గా చేస్తే. చాలామంది మూడు రోజులు మానేసి, నాలుగో రోజు ఏడ్చి, ప్రేమేనని తేల్చేస్తారు. ఆ మూడు నాలుగు రోజుల్లో బయటపడేది అలవాటే. పదకొండింటికి టీ, ఒంటిగంటకు లంచ్, ఆరున్నరకు మెట్రో. ఆ వేళకి మనిషి లేకపోతే వెలితిగానే ఉంటుంది, పక్కన ఇన్నాళ్ళూ ఎవరున్నా అంతే. పదేపదే కంటబడితే చాలు, దేని మీదైనా ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. పక్క సీటు స్నేహాల్లో ఈ వాటాని ముందు తీసేయాలి.

కనీసం రెండు వారాలు. మధ్యలో రెండు శని, ఆదివారాలు రావాలి. పని మాటలు ఆపనక్కర్లేదు, మిగతావన్నీ ఆపాలి. వాట్సాప్‌లో చాట్ ఆర్కైవ్ చేసి, స్టేటస్ మ్యూట్ చేయాలి. లాస్ట్ సీన్ చూడటం కూడా మాట్లాడటం కిందే లెక్క. అది చూస్తూ కూర్చున్నవాళ్ళు పరీక్ష మొదలే పెట్టలేదన్నమాట.

రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో మూడు గళ్ళు నింపాలి: ఎప్పుడు గుర్తొచ్చాడు, అప్పుడేం చేస్తున్నాను, ఆ క్షణాన ఏం కావాలనిపించింది. మూడో గడి అసలైంది. "ఈ జోకు వీడికి చెప్పాలి" అనిపిస్తే స్నేహం. "పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి" అనిపిస్తే అది వేరు. "నేను మాట్లాడట్లేదని వీడు బాధపడాలి" అనిపిస్తే రెండూ కాదు, పంతం. చివర్లో మొదటి వారం పేజీలు పక్కన పెట్టేసి రెండో వారానివే చదవండి.

ఉలవచారు
టీ వేళకి గుర్తొస్తే అలవాటు, వేళాపాళా లేకుండా గుర్తొస్తే ప్రేమ. దీనికి నోట్‌బుక్ దేనికండీ?

కొండపల్లిబొమ్మ
నిదానం గారి పద్ధతి చూడ్డానికి బాగుంది. కొలిచేదే తప్పు. మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ టెన్నవ్ 1979లో వివరించిన లిమరెన్స్ అనే స్థితి ఉంది. ఒక మనిషి గురించిన ఆలోచన వదలదు, వాళ్ళకీ మనమంటే ఇష్టమేనా అని ప్రతి చిన్న గుర్తునీ వెతుక్కుంటాం. ఆ స్థితిని పెంచేవి రెండే, కాస్త ఆశ, కాస్త అనుమానం. మీరు రెండు వారాలు నోరు కట్టేసుకుంటే "తనైనా ఎందుకు మెసేజ్ పెట్టలేదు, నేను లేకపోయినా ఫర్వాలేదా" అన్న అనుమానం పుడుతుంది. ఇక రెండో వారం నోట్‌బుక్ నిండా అతనే. జ్వరం తెప్పించే మందు వేసి, థర్మామీటర్ పెట్టి, చూశారా జ్వరముంది అన్నట్టు.

పైగా ఎదురుగా లేని మనిషి విసిగించడు. ఊహలో అందరూ బంగారాలే.

దూరం కాదు, కలిసి గడిపే తీరు మార్చాలి. కాఫీ షాపులూ సినిమాలూ వద్దు, అక్కడ ఎవరైనా బాగానే ఉంటారు. అతను ఇల్లు మారుతున్నాడు కదా, ఆ పనుల్లో సాయం వెళ్ళండి. సామాన్లు సర్దడం, ప్యాకర్స్ వాళ్ళతో బేరం, ఓనరు దగ్గర అడ్వాన్స్ వెనక్కి రాబట్టడం, బ్యాంకులో అడ్రస్ మార్పు. నాలుగైదు గంటల పని, ఇద్దరికీ ఆకలి, చిరాకు. అప్పుడు మూడు చూసుకోండి. చిరాకులో అతను ఎదుటివాళ్ళతో మాట్లాడే తీరుకి మీకున్న గౌరవం తగ్గిందా? మాటల్లేకుండా పక్కన కూర్చున్న అరగంట బరువుగా గడిచిందా? పనయ్యాక ఇంటికి పోదామనిపించిందా, ఇంకాసేపు ఉందామనిపించిందా?

అసూయని మాత్రం కొలతగా పెట్టుకోకండి. దగ్గరి స్నేహితురాలికి పెళ్ళి కుదిరినా కడుపులో కలుక్కుమంటుంది, మన వాటా సమయం పోతుందని.

నిదానం
కొత్త పరిస్థితిలో, టెన్షన్‌లో మనసు చెప్పేదాన్ని నమ్మమంటారా? 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలోని కపిలానో వంతెన దగ్గర చేసిన ప్రయోగం చూడండి. దాదాపు 70 మీటర్ల లోతు లోయ మీద ఊగే వంతెన. దాన్ని దాటుతున్న మగవాళ్ళతో ఒకమ్మాయి మాట్లాడి ఫోన్ నంబరిచ్చింది. ఇంకాస్త ఎగువన, ఊగని, ఎత్తు తక్కువ వంతెన మీదా అదే చేసింది. తర్వాత ఆమెకి ఫోన్ చేసినవాళ్ళలో ఊగే వంతెనవాళ్ళే ఎక్కువ. భయంతో వచ్చిన దడని ఆ అమ్మాయి ఖాతాలో రాసుకున్నారు. బీరువా మోసి ఆయాసపడితే అదీ ప్రేమే అంటారేమో.

కొండపల్లిబొమ్మ
నేను చెప్పింది బ్యాంకు క్యూ. లోయ ఎక్కడ కనిపించిందండీ మీకు?

ఉలవచారు
అడ్వాన్స్ అడగ్గానే ఓనరు మొహం చూడండి, కపిలానో ఎందుకూ పనికిరాదు.

నిదానం
దడ దడే. ఎందుకొచ్చిందో లోపలి మనిషికి తెలియదనే కదా ఆ ప్రయోగం సారం. మీరు జవాబివ్వకుండా ఎగతాళి చేయడం కొత్తేం కాదు. ఇంతకుముందు ఇక్కడే జరిగిన పెళ్ళిచూపుల చర్చలోనూ నేను రాసింది సగం చదివే మీద పడ్డారు.

కొండపల్లిబొమ్మ
దడ అన్న మాటే నా పోస్టులో లేదు. గౌరవం, మౌనం, ఉండాలనిపించడం. ఈ మూడింట్లో దేనికి గుండె కొట్టుకోవాలి? సగం చదివిందెవరు?

గోరుముద్ద
ఇద్దరూ ఆగండి. మనస్తత్వ శాస్త్రవేత్త జిక్ రూబిన్ 1970లో "నచ్చడం" ఒక కొలత, "ప్రేమ" ఇంకో కొలతగా విడదీశాడు, ఒక్కోదానికి 13 వాక్యాలు. మొదటిదాంట్లో మెచ్చుకోలు, తెలివి మీద నమ్మకం, మనలాంటివాడే అన్న భావన. రెండోదాంట్లో అతను లేకుండా గడవదన్న బెంగ, అతని బాగు నా బాధ్యత అనుకోవడం, ఎవరికీ చెప్పనివి చెప్పుకోవాలన్న కోరిక. ప్రేమించినవాళ్ళకీ స్నేహితులకీ మొదటిదాంట్లో తేడా కొద్దిగా, రెండోదాంట్లో బాగా వచ్చింది. కాబట్టి "అతనిలో ఏం నచ్చింది" అని జాబితా రాస్తే ఏమీ తేలదు. అదే రెండో కొలత ప్రశ్నలు ఇంకో మంచి స్నేహితుడి పేరుతో కూడా వేసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకోటి. దగ్గరితనం నిండా ఉండి, తాకాలనీ జంటగా ఉండాలనీ అసలు అనిపించకపోవడం కొందరి తీరు. అది లోపం కాదు, ప్రేమ ఎక్కడో దాక్కుందనీ కాదు.

పక్కసీటు
మెసేజ్‌లు మానేసే ముందు ఆ అబ్బాయికి ఏం చెప్పాలి? ఎవరూ రాయలేదు.

నిదానం
"ఈ రెండు వారాలు నాకు కాస్త తీరిక లేదు, నీ మీద కోపం మాత్రం కాదు" అంటే చాలు.

కొండపల్లిబొమ్మ
అదీ సంగతి. వెళ్ళిపోయే ముందు అతనికి ఇక్కడ మిగిలినవి అయిదారు వారాలు. అందులో రెండు వారాలు మీ నోట్‌బుక్ కోసం కోసేసి, తీరిక లేదని అబద్ధం చెప్పమంటున్నారు. అతనికి ఏమనిపిస్తుందో రాసుకునే గడి మీ పేజీలో లేదు. అసలు ఇది ఒక్కళ్ళు తలుపేసుకుని తేల్చుకునే లెక్కా? "నువ్వు వెళ్తుంటే నాకు బాధగా ఉంది, అది ఎలాంటి బాధో నాకింకా తెలియట్లేదు" అని అతనితోనే అనొచ్చు. అతని జవాబు విన్నాక మీ మనసులో వచ్చేది సంతోషమో, కంగారో, ఊరటో, అంతకన్నా తేటగా ఏ పరీక్షా చెప్పదు.

నిదానం
చెప్పడం మీకు తేలికగా కనిపిస్తోంది. ఆ అమ్మాయి ఆ మాటన్న సాయంత్రానికి టీమ్ అంతా తెలుస్తుంది. అతను పుణె పోతాడు, ఆమె అదే సీట్లో కూర్చోవాలి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, కులం వేరైతే అది ఇంకో యుద్ధం. తనకే తెలియని దాని కోసం ఆ యుద్ధం దేనికి? ముందు తనకి తేలాలి, తర్వాతే నోరు విప్పాలి. నేను రెండు వారాలు అడిగేది ప్రేమని కొలవడానికే కాదు, ఆమెకి ఎవరూ చూడని చోటు ఒకటి ఉండాలని.

కొండపల్లిబొమ్మ
ఆ ముక్క మొదటి పోస్టులోనే రాస్తే నేను వంతెన దాకా వచ్చేదాన్ని కాదు. టీమ్ సంగతి ఒప్పుకుంటాను. కాబట్టి ఆఫీసులో కాదు, మెట్రోలో కాదు, చాట్‌లో అసలే కాదు. చాట్ స్క్రీన్‌షాట్ అవుతుంది. బయట, ఎదురుగా, నోటితో. కానీ తేలేదాకా ఆగమంటే నేనొప్పుకోను. ఆగితే పెళ్ళిచూపులే ముందొస్తాయి.

ఉలవచారు
సంక్రాంతికి ఇద్దరూ ఎలాగూ ఊళ్ళకి పోతారు. అబద్ధం అక్కర్లేదు, దూరం ఊరికే దొరుకుతుంది.

నిదానం
సంక్రాంతి లెక్కలోకి రాదు. వారం లోపే, ఇంటినిండా చుట్టాలు, అందులో సగం మంది సంబంధాలు చెప్పేవాళ్ళే. ఆ హడావిడిలో ఎవరు గుర్తొచ్చినా తప్పించుకునే దారిలాగే కనిపిస్తారు.

కొండపల్లిబొమ్మ
ఈ ఒక్కదాంట్లో మీతో ఏకీభవిస్తున్నాను. మోడరేటర్ గారూ, ఆ అమ్మాయిని ఒకటి అడిగి చెప్పండి: ఆమె కూడా బదిలీ అడిగే వీలుందా, ఆ ఆలోచన ఇప్పటికే వచ్చిందా?