తడి పొగలో 13ఎక్స్ జియోలైట్ ఎందుకు విఫలమవుతోంది?

ప్రశ్న: బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగను పోలేలా 15 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువును 13ఎక్స్ జియోలైట్ (సన్నని రంధ్రాలలో వాయువులను పట్టి ఉంచే పదార్థం) గుళికల గొట్టం గుండా పంపుతున్నాను. పొడిగా ఉన్నప్పుడు చక్కగా పట్టుకున్న గుళికలే తేమ తగలగానే చతికిలబడుతున్నాయి. కారణం చెప్పగలరా?

జవాబు: నీటి అణువుకు ధ్రువత్వం (ఒక కొసన ధన, మరో కొసన రుణ ఆవేశం ఉండడం) ఎక్కువ కనుక, రంధ్రాలలోని సోడియం అయాన్ల దగ్గర చోటును అదే ముందుగా ఆక్రమిస్తుంది, దానిని పూర్తిగా వదిలించడానికి దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి, అసలు ఖర్చంతా అక్కడే. గొట్టం మొదట్లో తేమను పీల్చే సిలికా జెల్ పొర వేసి చూడండి.

జవాబు: జియోలైట్‌కు బదులు అమైన్ (కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపి దాన్ని పట్టుకునే నత్రజని సమ్మేళనం) పూసిన సిలికా వాడితే, దానికి తేమ మేలే చేస్తుందండీ. అయితే పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ అమైన్‌ను క్రమంగా పాడుచేస్తుంది.

జవాబు: కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకుల కాల్ఫ్-20 గురించి 2021లో వెలువడిన పత్రాన్ని తప్పక చదవండి. జింకుతో కూడిన ఆ పదార్థం, గాలిలో తేమ 40 శాతానికి లోపు ఉన్నంతవరకు, నీటికన్నా కార్బన్ డయాక్సైడ్‌కే చోటిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. రేపే సిలికా జెల్ పొర అమరుస్తాను.