అద్దె ఫ్లాట్‌లో పెద్ద అక్వేరియం ట్యాంకుకి సొంతంగా చేసిన సంప్ పెట్టొచ్చా?

అంబత్తూర్‌ఆస్కార్:
చెన్నై అంబత్తూరులో రెండో అంతస్తు, అద్దె ఇల్లు. ట్యాంకు 5×2×2 అడుగులు, ఆస్కార్ చేపలు. ఉన్న క్యానిస్టర్ (నీళ్లు వడగట్టే మూసిన డబ్బా ఫిల్టరు) వాటి చెత్తకి చాలడం లేదు. పాత 3 అడుగుల ట్యాంకులో గాజు పలకలు అతికించి, స్టాండు కింద సంప్‌గా (పై ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై, పంపుతో మళ్లీ పైకెళ్లే ఫిల్టరు తొట్టి) వాడదామని ఉంది. కరెంటు పోతే ఇల్లంతా నీళ్లేనని షాపతను భయపెడుతున్నాడు. మీరేమంటారు?

క్యానిస్టర్‌చాలు_వేలచ్చేరి:
వద్దు బ్రదర్. మా ఫ్రెండ్ ఇంట్లో సంప్ పొంగి కింది ఫ్లాట్ సీలింగ్ తడిసింది. ఓనరు అడ్వాన్సులో డబ్బు పట్టుకున్నాడు. ఇంకో క్యానిస్టర్ కొనుక్కోండి, హాయిగా నిద్రపోవచ్చు.

కొళత్తూర్‌గప్పీ:
సంప్ పొంగడం తలరాత కాదండీ, లెక్క తప్పడం. పంపు ఆగగానే రిటర్న్ పైపు (సంప్ నీళ్లను పైకి పంపేది) పైనున్న నీళ్లను వెనక్కి లాగుతుంది, పైపు మూతికి గాలి తగిలేదాకా ఆగదు. మీ ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్లంటే సుమారు 24 లీటర్లు. మూతి నీటిమట్టానికి 4 అంగుళాల కింద ఉంటే 90 లీటర్ల పైనే దిగుతాయి. అంగుళం లోపే పెట్టండి, సంప్‌లో 40 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉంచండి. గాలి తగిలేలా ఆ పైపుకి చిన్న రంధ్రం పెడితే చాలంటారు, నేను దాన్ని నమ్మను. గింజంత నత్తపిల్ల చాలు, అందులో ఇరుక్కుందంటే అది మూసుకుపోయినట్టే.

రెండో ప్రమాదం, కిందికి దిగే పైపు మూసుకుపోవడం. అప్పుడు పంపు తన గదిలో ఉన్న నీళ్లనే పైకి పంపగలదు. అందుకే చివరి పలక మీదుగా నీళ్లు పొర్లి పంపు గదిలో పడాలి, కింది సందులోంచి రాకూడదు. ఆ గది 8 అంగుళాల పొడవు, 18 వెడల్పు, నీళ్లు 8 అంగుళాల ఎత్తు అనుకుంటే 19 లీటర్లు. పై ట్యాంకు అంచున అంగుళంన్నర ఖాళీ ఉంటే అవన్నీ అందులోనే ఇముడుతాయి.

క్యానిస్టర్‌చాలు_వేలచ్చేరి:
కాగితం మీద బాగానే ఉంది. అంచుకి తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సు కరెంటు వచ్చాక సైఫన్ (నీళ్లను అంచు దాటించి లాగే ధార) మళ్లీ అందుకోకపోతే?

కొళత్తూర్‌గప్పీ:
ఆ మాట నిజం, ఆ బాక్సు నేనూ వద్దంటాను. దిగే పైపు కోసం పై ట్యాంకు గాజుకే రంధ్రం వేయించాలి. మామూలు గాజైతే డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ వేస్తారు. టెంపర్డ్ గాజుని మాత్రం ముట్టుకోకూడదు, ముక్కలైపోతుంది. ముందు ఏ గాజో కనుక్కోండి. రంధ్రం కుదరకపోతే సంప్ ఆలోచన మానుకోండి.

క్యానిస్టర్‌కీ కరెంటు గండం ఉందండీ. 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపానుకి మీ వేలచ్చేరి వైపు రోజుల తరబడి కరెంటు లేదు కదా. మూసిన డబ్బాలో కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ అయిపోయి నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కడగకుండా మళ్లీ ఆన్ చేస్తే ఆ కుళ్లు నీళ్లన్నీ చేపల మీదికే. సంప్‌లో అయితే పైన గాలి తగులుతుంది, చిన్న బ్యాటరీ ఎయిర్ పంపు రాయి (గాలి బుడగలు వదిలేది) దించినా ఫిల్టరు మీడియాలో ఉండే ఆ బ్యాక్టీరియా బతుకుతుంది.

పెరంబూర్‌ట్యాంక్:
బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్యాంకు నిండా పోస్తే నీళ్లే 560 కిలోలు, సంప్, గాజు, స్టాండు దానికి అదనం. గది మధ్యలో కాకుండా బీమ్ ఉన్న గోడ వారగా పెట్టండి, ఓనర్‌ని ముందే అడగండి.

క్యానిస్టర్‌చాలు_వేలచ్చేరి:
సంక్రాంతికి నెల్లూరు వెళ్తే? నీళ్లు ఆవిరై పంపు గది ఎండితే పంపు కాలిపోతుంది.

కొళత్తూర్‌గప్పీ:
ఆవిరైన నీళ్లు ఆ గదిలోనే తగ్గుతాయి, కాబట్టి ఫ్లోట్ వాల్వ్ (మట్టం తగ్గగానే నీళ్లు వదిలేది) అవసరమే. దాన్ని కొళాయికి కలపకండి. 20 లీటర్ల డబ్బాకి కలపండి. వాల్వ్ పాడైనా వచ్చేది ఆ 20 లీటర్లే, మనం వదిలిన 40 లీటర్ల ఖాళీలో సగం. ఆ సమయంలోనే కరెంటూ పోతే పై నుంచి దిగే 24 కలిపి 44 అవుతాయి, అందుకని ఊరెళ్లే ముందు ఖాళీని 50కి పెంచండి. నీళ్లు నింపాక చేపలు వేయకముందే పంపు ఆపి చూడండి, దిగే పైపుని గుడ్డతో మూసీ చూడండి. ఈ రెండింటిలో ఒక్క చుక్క నేల మీద పడినా పలకలు తీసి మళ్లీ అతికించండి.