ఫైబర్ శాతం ఒకటే అయినా సంపీడన బలంలో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: ఒకే గ్లాస్ ఫైబర్, ఒకే ఎపాక్సీ రెసిన్ వాడి, ఫైబర్ ఘనపరిమాణాన్ని 60 శాతం వద్దే ఉంచి చేసిన రెండు పలకలు ఫైబర్ దిశలో లాగినప్పుడు దాదాపు సమానంగా నిలిచినా, నొక్కినప్పుడు మాత్రం ఒకటి చాలా ముందే విరిగింది. సూక్ష్మ నిర్మాణంలో ముందుగా దేనిని పరిశీలించాలి?

జవాబు 1: ఫైబర్ల వంకరను చూడండి. లాగుడు భారాన్ని ప్రధానంగా ఫైబర్లే మోస్తాయి. నొక్కినప్పుడు వాటిని పక్కకు ఒరగనివ్వకుండా పట్టి ఉంచేది రెసిన్ కనుక, అవి ఒకటి రెండు డిగ్రీలు తిరిగి ఉన్నా అక్కడ రెసిన్‌పై విరూపణ ప్రతిబలం (పక్కపక్క భాగాలను ఒకదానిపై ఒకటి జారేలా చేసే ఒత్తిడి) పెరిగి, కట్ట మొత్తం మడతపడి తెగుతుంది. నా దృష్టిలో మీ సమస్య ఇదే.

జవాబు 2: గాలి బుడగలను కూడా లెక్కించండి. లాగుడు పరీక్షలో పెద్దగా బయటపడని ఈ లోపం పొరల మధ్య విరూపణ బలాన్ని బాగా తగ్గిస్తుంది. పలకను అడ్డంగా కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద చూడవచ్చు. పాలిష్ సరిగా లేకపోతే గీతలే బుడగల్లా కనిపిస్తాయి.

జవాబు 3: ఫైబర్‌పై సిలేన్ పూత (ఫైబర్‌ను రెసిన్‌కు అతికించే రసాయన పొర) రెండు పలకల్లోనూ ఒకటేనా? రెసిన్‌తో బంధం బలహీనమైతే అడ్డదిశ బలం పడిపోతుంది. మరీ గట్టిదైతే పగులు పక్కకు మళ్లకుండా ఫైబర్లను తెంచుకుంటూ నేరుగా సాగుతుంది.