లాక్ మీద ఒక పేరు, బ్యారెల్ మీద ఇంకో పేరు: ఈ లాంగ్‌రైఫిల్ ఎవరు చేసినట్టు?

మాపుల్‌చెక్క:
అమెరికాలోని పెన్సిల్వేనియాలో కొన్న పొడవు బ్యారెల్ తుపాకీ. మూతిదాకా మాపుల్ చెక్కే. బ్యారెల్ ఎనిమిది పలకలది, 41.5 అంగుళాలు, బోర్ (గొట్టం లోపలి వెడల్పు) సుమారు .45 అంగుళం. పిడిలో ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (గుండు చుట్టే గుడ్డముక్కలు పెట్టుకునే మూత అర), ఇప్పుడున్నది పెర్కషన్ లాక్ (హ్యామర్ చిన్న క్యాప్‌ని కొట్టి మందు అంటించే యంత్రాంగం). లాక్‌ప్లేట్ మీద 'జోసెఫ్ గోల్చర్' అని ముద్ర. బ్యారెల్ పై పలక మీద చేత్తో చెక్కిన పేరులో మొదటి రెండు అక్షరాలే కనిపిస్తున్నాయి: 'ఐ' లాంటిదొకటి, తర్వాత 'డి'. పిడి మెడ మీద వెండి బిళ్ల, దానిపై 'ఎస్ కె'. తయారుచేసింది గోల్చరేనా? స్టీల్ ఊల్‌తో రుద్దితే మిగతా పేరు తేలుతుందా?

చెకుముకి:
ముందు ఆ స్టీల్ ఊల్ పక్కన పెట్టేయండి. పేరు తేలకపోగా ఉన్న రెండక్షరాలూ పోతాయి.

గోల్చర్ ముద్ర లాక్‌ది, దాంతో రైఫిల్ చేసినవాడెవరో తేలదు. అప్పటి గన్‌స్మిత్‌లు (తుపాకీలు చేసేవాళ్లు) చాలామంది లాక్‌లు హార్డ్‌వేర్ వర్తకుల దగ్గర రెడీమేడ్‌గా కొనేవాళ్లు. చెకుముకిరాయి నిప్పుతో పేల్చే లాక్‌ల రోజుల్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన కెట్లండ్ లాక్‌లు ఇలాగే దొరికేవి. రైఫిల్ చేసినవాడి పేరు సాధారణంగా పై పలక మీద, వెనక సైట్‌కీ (గురి చూసే గాటుకీ) బ్రీచ్‌కీ (బ్యారెల్ వెనక చివరకీ) మధ్య ఉంటుంది. చెక్క కింద దాగే పలకల మీద ముద్ర ఉంటే అది ఎక్కువగా బ్యారెల్ చేసినవాడిది. 'ఎస్ కె' దాదాపుగా యజమాని పొడి అక్షరాలే.

మీకు 'ఐ'లా కనిపిస్తున్నది 'జె' కావచ్చు. పెన్సిల్వేనియా జర్మన్ పనివాళ్లు రెండింటినీ ఒకేలా చెక్కేవాళ్లు. అలాగని వెంటనే పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో రైఫిళ్లు చేసిన జేకబ్ డికర్ట్ అనుకోవద్దు. రెండక్షరాలకు సరిపోయే పేర్లు బోలెడు. డికర్ట్ 1822లో పోయాడు, పెర్కషన్ లాక్ మామూలైంది ఆ తర్వాతే. కాబట్టి ఆయనదే అయితే ఇది చెకుముకి నుంచి మార్చిన తుపాకీ అయ్యుండాలి. లాక్‌ప్లేట్ చుట్టూ చెక్కలో అతుకులున్నాయా చూడండి. పాత లాక్ గుంటకు కొత్త లాక్ సరిపోకపోతే అక్కడ ముక్క పెట్టి పూడుస్తారు. బ్యారెల్ పక్కన నిప్పిల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) ఉన్న డ్రమ్ అనే ఇనుప ముక్క బిగించి ఉంటే అది మందు అంటించే పాత రంధ్రాన్ని పెద్దది చేసి బిగించినదా అన్నదీ చూడాలి.

పేరు చెప్పే మాటను పిడి కూడా చెప్పాలి. ప్యాచ్‌బాక్స్ తల డైసీ పువ్వులా ఉంటే లాంకాస్టర్ వైపు. పిడి పైగీత రోమన్ ముక్కులా ఉబ్బి వంగితే పెన్సిల్వేనియాలోనే బర్క్స్, లీహై కౌంటీల వైపు. పేరు ఒక ఊరిదీ, పిడి ఇంకో ఊరిదీ అయితే నేను పేరునే ముందు అనుమానిస్తాను.

పాతఇనుము:
చదివే పద్ధతి చెప్తాను. గది చీకటి చేసి, టార్చ్‌ని పలకకు దాదాపు ఆనించినంత పల్చటి కోణంలో పట్టండి. నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తీయండి. ఒక వైపు కనపడని గీత ఇంకో వైపు నుంచి కనపడుతుంది. తర్వాత పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌ని అడ్డంగా రుద్దండి.

అసలు చెక్కుడా, తర్వాత చెక్కిందా అన్నది భూతద్దంలో తేలుతుంది. అసలుదైతే తుప్పు గుంటలు అక్షరం గాడిలోకి కూడా దిగుతాయి. గాడి ఆ గుంటల్ని కోసుకుంటూ పదునుగా, అడుగున మెరుస్తూ పోతే ఈమధ్య ఎవరో చెక్కిందే. పేరు బ్రీచ్‌కి మరీ ఆనుకుని ఉంటే అక్కడ బ్యారెల్ కోసి పొట్టి చేసి ఉంటారు. అలా చేస్తే బ్యారెల్ వెనక్కి జరుగుతుంది, బ్యారెల్ అడుగున పిన్నుల కోసం చేసిన పాత గాళ్లు వాడకుండా మిగులుతాయి. అక్కడే గాట్లతో రోమన్ అంకెలు కనిపిస్తే అవి ఏ భాగం దేనికి జత అన్న గుర్తులు. సంవత్సరం కాదు, సీరియల్ నంబరూ కాదు.

బ్యారెల్ విప్పాలంటే: హ్యామర్ హాఫ్‌కాక్‌లో (సగం ఎత్తి ఆగే చోట) పెట్టి, లాక్ బోల్టులు కొద్దిగా వదులు చేసి, వాటి తలల మీద మెల్లగా తట్టి లాక్‌ని బయటికి నెట్టండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే చెక్క అంచు పెచ్చులూడుతుంది. ఆ తర్వాత ట్యాంగ్ (బ్యారెల్ వెనక తోక) స్క్రూ, చివర్న బ్యారెల్‌ని చెక్కకు పట్టి ఉంచే పిన్నులు. ముందు భాగంలో చెక్క చాలా పల్చన, తుప్పుపట్టిన పిన్ను కదలకపోతే కొట్టొద్దు, వదిలేయండి.

వీటన్నిటికీ ముందు, బ్యారెల్ లోపల తుపాకిమందు ఉందా చూడండి. ర్యామ్‌రాడ్ (గుండు దట్టించే కడ్డీ) చివరిదాకా దింపి మూతి దగ్గర గుర్తు పెట్టి కొలవండి. బ్యారెల్ పొడవులో ముప్పావు అంగుళం దాకా వెనక చివరను మూసే బ్రీచ్ ప్లగ్‌కే సరిపోతుంది. మీ దాన్లో సుమారు 41 అంగుళాలు దిగాలి.

మాపుల్‌చెక్క:
రెండుసార్లు కొలిచాను. 39 దగ్గర ఆగింది.

పాతఇనుము:
అయితే ఇక ఏ స్క్రూ ముట్టుకోకండి. .45 బోర్‌లో 60 గ్రెయిన్ల (సుమారు 4 గ్రాముల) నల్లమందు, పైన గుండు, కలిపి దాదాపు 2 అంగుళాలు. వట్టి చెత్త కూడా కావచ్చు, కానీ మందు నింపి ఉందనే అనుకోవాలి. పాత నల్లమందు పొడిగా ఉంటే ఇప్పటికీ అంటుకుంటుంది. నిప్పిల్ మీద క్యాప్ ఉందేమో పక్కనుంచి చూడండి, హ్యామర్ ఎత్తొద్దు. వేడి పెట్టొద్దు, డ్రిల్ వద్దు. మూతి ఎవరి వైపూ లేకుండా పెట్టి, మూతికి ట్యాగ్ కట్టి, నల్లమందు తుపాకులు చూసే గన్‌స్మిత్‌కి ముందే ఫోన్‌లో విషయం చెప్పండి. ఫోటోలు మాత్రం ఇప్పుడే పెట్టొచ్చు, పైనుంచి తీసినవి.