వేలిముద్ర పడకపోతే రేషన్ బియ్యం ఇవ్వాలా, వద్దా?

పలాస_పిల్ల:
ఈ నెల మా అమ్మకు బియ్యం రాలేదు. కార్డులో ముగ్గురం, 15 కిలోలు రావాలి. నేను విశాఖలో బట్టల షాపులో చేస్తున్నాను, తమ్ముడు హైదరాబాద్‌లో టైల్స్ పనికి వెళ్తాడు. ఊళ్లో అమ్మ ఒక్కతే. వయసు 58.

అమ్మ పాతికేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. ఆ పని చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పిక్క తొక్కలో నూనె ఉంటుంది. అది చేతికి తగిలితే చర్మం ముందు నల్లబడుతుంది, తర్వాత పొరలుగా ఊడిపోతుంది. బూడిద రాసుకుని కూర్చుంటారు, అయినా తగులుతుంది. అమ్మ బొటనవేలు, చూపుడువేలు గాజుముక్కలా నున్నగా అయిపోయాయి. గీతలు లేవు.

సెలవు పెట్టి నేనే అమ్మతో షాపుకి వెళ్లాను. డీలర్ మంచివాడే. తడిగుడ్డ ఇచ్చాడు, వేలు తుడిచింది. పడలేదు. తలకు రాసుకుని పెట్టమ్మా అన్నాడు, నూనె అంటితే పడుతుందట. పడలేదు. ఎడమ చేయి, కుడి చేయి, చిటికెనవేలు కూడా అయ్యాయి. ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణుగుతుంటే అమ్మ సిగ్గుపడి పక్కకి జరిగింది. కంటిపాపను చూసి గుర్తుపట్టే ఐరిస్ మిషన్ పనిచేయడం లేదట. వీఆర్వో వచ్చి ఆయన వేలిముద్ర వేస్తే ఇవ్వొచ్చు, కానీ ఆయనకు వేరే డ్యూటీ పడింది, రేపు రమ్మన్నారు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత నా సెలవు అయిపోయింది, అమ్మకి రెండు రోజుల కూలి పోయింది, గడువు 15వ తేదీతో ముగిసింది.

ఆ లైన్లో ఉన్న ప్రతి ఒక్కరికీ మా అమ్మ తెలుసు. డీలర్‌కి ఆవిడ పెళ్లయి వచ్చిన రోజు నుంచీ తెలుసు. తెలియనిది ఒక్క మిషన్‌కే. నా వాదన ఇదీ: మనిషి ఎదురుగా ఉండి, మూడుసార్లు ముద్ర పడకపోతే, బియ్యం అక్కడే అప్పుడే ఇచ్చేయాలి. విచారణ ఏదైనా ఉంటే తర్వాత చేసుకోవాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

మాదాపూర్_వాసు:
అమ్మగారి విషయం చదివి బాధేసింది. అయినా నేను కాదంటాను. మిషన్లు రాకముందు రేషన్ ఎలా ఉండేదో గుర్తుంచుకోండి. మా తాతయ్య పోయిన రెండేళ్ల తర్వాత కూడా ఆయన పేరు మీద మా ఊళ్లో కిరోసిన్ ఎత్తారు. పుస్తకంలో సంతకం కూడా ఉంది! చదువు రాని మనిషి, బతికుండగా వేలిముద్రే వేసేవాడు. ఊరు వదిలిపోయినవాళ్లు, పుట్టనివాళ్లు అందరూ ఆ పుస్తకాల్లో నెలనెలా బియ్యం తీసుకెళ్లారు. దాన్ని ఆపింది ఈ మిషనే. ‘పడకపోతే చేత్తో రాసి ఇచ్చేయండి’ అన్న రోజున, కావాలనే పడకుండా చేసే డీలర్లు పుట్టుకొస్తారు. ఐరిస్ బాగు చేయించండి, ముఖంతో గుర్తించే పద్ధతి పెట్టండి. పాత తలుపు మాత్రం తెరవొద్దు.

బీడీల_బస్తీ:
వాసు గారూ, మాది నిజామాబాద్ వైపు. మా మేనత్త నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు, కత్తెర, దారం, ఇవే ఆమె చేతులు. ‘మిషన్ బాగుపడుతుంది’ అనే మాట ఎన్నేళ్లుగానో వింటున్నాం. మిషన్ బాగుపడేలోపు ఆమె వేళ్లు ఇంకా అరిగాయి.

ఇంకో సంగతి. 2025 ఏప్రిల్ నుంచి మా దగ్గర మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డు బియ్యం పోతే పోయిందిలే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు అదే ఇంటి బువ్వ. ఒక్క నెల తప్పితే కిరాణా షాపులో అప్పే.

కోర్టు_గుమస్తా:
చట్టం సంగతి క్లుప్తంగా. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ మీద ఇచ్చిన తీర్పులో, సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడాన్ని నలుగురు జడ్జీలు సమర్థించారు, ఒకరు విభేదించారు. కానీ ఆ నలుగురూ కూడా ముద్ర సరిపోలలేదన్న కారణంతో అర్హుల్ని వెనక్కి పంపకూడదన్నారు. అంతకుముందే 2017 అక్టోబర్‌లో ఆధార్ సంస్థ కూడా ఇదే మాటతో సర్క్యులర్ ఇచ్చింది. అంటే పలాస_పిల్ల గారు అడుగుతున్నది కొత్త కోరిక కాదు, కాగితం మీద ఉన్నదే. అది షాపు గుమ్మం దాకా రాలేదు.

మాదాపూర్_వాసు:
కాగితం మీద ఉందని ఒప్పుకుంటాను. అయితే ఎంతమందికి పడట్లేదన్న అంచనా కూడా సరిగ్గా ఉండాలి కదా. ఒకసారి పడకపోవడం వేరు, మనిషికి అసలే అందకపోవడం వేరు. నాలుగోసారికి పడినా మొదటి మూడూ ఫెయిల్ కిందే లెక్క.

పలాస_పిల్ల:
ఆధార్ సంస్థ సీఈఓనే 2018లో సుప్రీంకోర్టుకు ప్రభుత్వ సేవల్లో 88 శాతం సక్సెస్ అని చెప్పారు. మీరన్నట్టు అందులో నాలుగోసారికి పడినవాళ్లు ఉంటారు, ఒప్పుకుంటాను. మా అమ్మ ఎనిమిదోసారికీ పడని మనిషి. ఆవిడని ఏ లెక్కలో వేస్తారు? సక్సెస్ శాతం పెరిగేకొద్దీ ఆవిడలాంటివాళ్లు ఇంకా తక్కువమంది అవుతారు, ఇంకా కనపడకుండా పోతారు. నా భయం అది.

తూకంరాయి:
నేను డీలర్‌ని, గోదావరి జిల్లా. పదిహేడేళ్లుగా షాపు నడుపుతున్నాను. ఇక్కడ అందరూ డీలర్‌ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట కూడా వినండి.

వాసు గారు చెప్పింది నిజం. పాతరోజుల్లో పుస్తకాల్లో దొంగరాతలు ఉండేవి. మా డీలర్లలో చాలామంది అలాగే ఇళ్లు కట్టారు, నేను చూశాను. మిషన్ వచ్చాక పేరు మీద దొంగతనం చాలా తగ్గింది. కానీ దొంగతనం పేరులో మాత్రమే ఉండదు, తూకంలో ఉంటుంది. ముద్ర పడింది, 15 కిలోలు అని చీటీ వచ్చింది. సంచిలో 14 పోస్తే? ముద్ర దానికేం చెబుతుంది? కాటాను మిషన్‌తో కలిపిన చోట కొంత నయం. కలపని చోట ఆ ఒక్క కిలో ముద్రతోనే, సక్రమంగానే పోతుంది.

ఇంకోటి. కాకినాడ పోర్టు సంగతి మర్చిపోయారా? 2024 నవంబర్‌లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్లి, రేషన్ బియ్యం బయటపడిన ఓడను సీజ్ చేయమన్నారు. అప్పటికి ఊరూరా మిషన్లు వచ్చి ఎన్నేళ్లయింది? వేలిముద్ర వేసి తీసుకున్న బియ్యాన్నే గుమ్మం దగ్గర కిలో పది, పన్నెండుకు కొనుక్కుపోయేవాళ్లున్నారు. అలా మూటలు మూటలుగా లారీ ఎక్కుతుంది. ఆ లారీల్ని ముద్ర ఆపలేదు. జీడిపిక్కలు కొట్టే ముసలమ్మను ఆపింది.

ఇక చేత్తో రాసి ఇవ్వడం అంటారా, ఇవ్వాలనే నాకూ ఉంటుంది. ఇస్తే స్టాకులో తేడా వస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు తేడా చూసి నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు రాస్తారు. ‘పాపం, వేలు పడలేదండీ’ అంటే ఆధారం ఏదీ అంటారు. అందుకే రేపు రామ్మా అంటాను. ఆవిడ ముఖం చూడలేక మిషన్ వైపు చూస్తూ అంటాను. డీలర్ మంచివాడని ఆ అమ్మాయి రాసింది. అక్కడ నాకు గొంతు పట్టేసింది.

గాజువాక88:
ఎవరూ చెప్పని మాట ఒకటి నేను చెబుతాను. మా అన్నయ్యావాళ్లు శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వెళ్లి బిల్డింగ్ పనులు చేస్తున్నారు. కార్డు ఆంధ్రది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ మధ్య ఎక్కడి కార్డుకైనా అక్కడే బియ్యం ఇచ్చే పద్ధతి మొదలైంది. వాళ్లకి అదే బతుకు. అక్కడి డీలర్‌కి మా వదిన ఎవరో తెలియదు, తెలియాల్సిన పని లేదు, వేలు పెడితే చాలు. ఊళ్లో తెలిసినవాడు ఉంటేనే బియ్యం అనే కాలంలో వలస వెళ్లినవాళ్లం పస్తులున్నాం. మిషన్ తీసేయమనే దాకా మాత్రం వెళ్లకండి, దండం పెడతాను. చెల్లెమ్మా, మీ తమ్ముడు కార్డులో ఉన్నాడుగా, హైదరాబాద్‌లో అతను ముద్ర వేసి తీసుకోవచ్చు.

పలాస_పిల్ల:
అన్నయ్యా, మిషన్ తీసేయమని నేను అనలేదు. తమ్ముడు వేస్తే బియ్యం హైదరాబాద్‌లో వస్తుంది, అమ్మ అన్నం పలాసలో తినాలి. ఇక ఇంటికి తెచ్చి ఇవ్వడం అంటే, రేషన్ బండ్లు తీసేసి 2025 జూన్‌లో మళ్లీ షాపులు పెట్టినప్పుడు 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి మాత్రమే ఇంటికి అన్నారు. అమ్మ వేళ్లకి 65 ఎప్పుడో దాటింది, కార్డు మీద ఇంకా ఏడేళ్లుంది.

లెక్కల_మాస్టారు:
ఇద్దరి మాటా కలిసే చోటు ఒకటుందని నా నమ్మకం. దానికి మన రాష్ట్రంలోనే పరీక్ష జరిగింది. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి ఉపాధి హామీ కూలీకి, పెన్షన్లకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో, 157 మండలాల్లో దాన్ని పరిశీలించారు. ఏ మండలానికి ముందు రావాలో లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి పోల్చడం తేలికైంది. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. కూలి డబ్బు త్వరగా వచ్చింది, మధ్యలో కాజేయడం తగ్గింది, పేదవాళ్లు పథకానికి దూరమైన జాడ కనపడలేదు. కార్డు వాడినవాళ్లలో అత్యధికులు పాతదానికంటే ఇదే నయమన్నారు.

తర్వాత అదే ముగ్గురు జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు చూశారు. అక్కడ కథ తిరగబడింది. తొలి దశలో దోపిడీ తగ్గలేదు. ముందుగా ఆధార్ జతకాని లబ్ధిదారులకు అందే సరుకు విలువ సగటున పదోవంతు పడిపోయింది. తర్వాత మిషన్ లెక్కను చూసి డీలర్లకు పంపే సరుకు కోసినప్పుడు దోపిడీ తగ్గింది, దాంతోపాటు జనానికి చేరేదీ తగ్గింది. అదే రాష్ట్రంలో జాన్ ద్రెజ్ బృందం 2017లో చేసిన సర్వే కూడా ముద్ర వల్ల తూకంలో మోసం ఆగలేదనే చెప్పింది. తూకంరాయి గారు తన కాటా దగ్గర చూసిందే అది.

రెండు చోట్లా వేలిముద్రే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆంధ్రలో కార్డు లేని మనిషికి డబ్బు ఆపేయలేదు, పాత పద్ధతిలో ఇస్తూ వచ్చారు. జార్ఖండ్‌లో ముద్ర లేదా ఏమీ లేదు అన్నారు. పక్కన ఇంకో దారి తెరిచి ఉంచినా ఆంధ్రలో దోపిడీ తగ్గింది. వాసు గారి భయానికి నా సమాధానం ఇదే.

మాదాపూర్_వాసు:
మాస్టారూ, ఇది నాకు తెలియదు. ఆలోచించాను. పక్కదారి ఉండాలని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ దానికి కాపలా ఉండాలి. ఒక్కో షాపులో నెలకి ఇన్ని కార్డులకే, ఉదాహరణకు ఇరవైకే, ముద్ర లేకుండా ఇవ్వొచ్చని పరిమితి పెట్టండి. అంతకు మించితే తనిఖీ.

బీడీల_బస్తీ:
మా బస్తీలో సగం ఇళ్లు బీడీలవే. ఇరవై మొదటి రోజు పొద్దున్నే అయిపోతాయి. ఇరవై ఒకటో ఆమె ఎవరు? ఆమెకు ఏం చెప్పాలి?

ధర్మారం_దారి:
ముద్ర అంటే మోసం చేయలేని సాక్ష్యం అనుకునేవాళ్లకి ఒక మాట. 2018లో మా పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల షాపతను భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీదున్న వేలిముద్రల నుంచి పాలిమర్ ముద్రలు తయారుచేసి, టార్గెట్ కోసం వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. లేని మనిషి ముద్ర పడింది. ఉన్న మనిషి ముద్ర పడట్లేదు.

మాదాపూర్_వాసు:
ఇరవై అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. పరిమితి వద్దు, రికార్డు చాలు. మూడుసార్లు పడలేదన్నది మిషన్‌లోనే నమోదవుతుంది, టైముతో సహా. నాలుగోసారి డీలర్ ‘ముద్ర లేకుండా ఇచ్చాను’ అని నొక్కాలి. లైన్లో ఉన్న ఇంకో కార్డుదారు సాక్షిగా వేలు పెట్టాలి. స్టాకు లెక్క అక్కడే సరిపోతుంది, కాబట్టి తూకంరాయి గారి మీద కేసు పడదు. నెలాఖరున ఆ పేర్ల జాబితా ఊరి సచివాలయం గోడకి అంటించాలి. చచ్చిపోయిన మా తాతయ్య పేరు అందులో ఉంటే ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతారు. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఇది పెద్ద పని కాదు. ఇలాంటివి రాసి బతికేవాణ్నే నేను.

తూకంరాయి:
ఆ బటన్ ఇవ్వండి, రేపటి నుంచే నొక్కుతాను. సాక్షికి కొదవలేదు. మా షాపులో వేళ్లు అరిగినవాళ్లు పదకొండుమంది, పేర్లతో సహా నోటికి చెప్పగలను. ఇద్దరు సున్నం బట్టీ, నలుగురు రొయ్యల షెడ్డు, మిగతావాళ్లు ముసలివాళ్లు. వాళ్లు వచ్చే రోజున వీఆర్వో గారికి ముందే ఫోన్ చేసి టైము కుదుర్చుకుంటాను. అది నా ఓపిక మీద నడిచే ఏర్పాటు. నేను మంచం పడితే ఏమీ లేదు.

పలాస_పిల్ల:
వాసు గారూ, జాబితా గోడకి అంటించడం గురించి అమ్మని అడిగాను. పేరు గోడ మీద పెడతారట, పర్వాలేదా అని. ‘పెట్టనీ, నేనేం దొంగనా? నా పేరు ఉంటే వచ్చి నన్నే అడుగుతారు కదా’ అంది.

మీరు రాసిన పద్ధతి కాగితం మీద రాసి, మాస్టారి లెక్కలు, గుమస్తా గారు చెప్పిన తీర్పు తేదీ కలిపి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాను. తూకంరాయి గారూ, మీ జిల్లాలో మీరూ ఇవ్వగలరా? డీలర్ సంతకంతో వెళ్తే దాని బరువు వేరు.

తూకంరాయి:
ఇస్తానమ్మా. ఆ పదకొండుమంది చేతా సంతకాలు పెట్టిస్తాను. సంతకం రానివాళ్లవి ఎలా తీసుకోవాలో చూడాలి, వేలిముద్రే అడుగుతారు.